పదకొండో నంబరు ఆయన

బస్టాండు వెనక సందులో, తాళాలు బాగుచేసే కొట్టుకీ జిరాక్స్ కొట్టుకీ నడుమ ఇరుక్కుని ఒక చెప్పుల రిపేరు దుకాణం ఉంది. వెడల్పు నాలుగడుగులు. అందులో కూర్చునే ఆవిడకి యాభై మూడేళ్ళు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. అందరికీ ఆవిడ బూట్లక్క.

చేసే పని వల్ల ఆ పేరొచ్చిందనుకుంటే పొరపాటు. పై అరలో ఉన్న ఒకే ఒక్క జత వల్ల వచ్చింది. నల్లవి, మగవాళ్ళవి, పదకొండో నంబరు. ఒక్కోదాంట్లో ఒక పిల్లి సుఖంగా సంసారం చేసుకోవచ్చు. ఎనిమిదేళ్ళ కిందట ఎవరో భారీ మనిషి అడుగు మార్చమని ఇచ్చి, రేపొస్తానని చెప్పి పోయాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. ఆయన రాకపోతేనేం, ఆయన బూట్లు మాత్రం తిరగని ఊరు లేదు.

మొదట నర్సుతో వెళ్ళాయి. అప్పటికింకా ఆ పిల్ల నర్సు కాలేదు, ఆ ఉద్యోగం కోసమే పరీక్ష రాయడానికి వేరే ఊరు పోవాలి. చెప్పు తెగితే కుట్టించుకోవడానికి వచ్చి, ముక్కాలి పీట మీద కూర్చుని ఒకటే ఏడుపు. లాడ్జిలో ఒక్కతే ఉండాలట, భయమట. బూట్లక్క కుట్టు పూర్తిచేసి, దారం కొరికి, పై అరకేసి చూసింది. ఏం తోచిందో ఏమో, ఆ రెండు బూట్లూ దించి దుమ్ము తుడిచి పిల్ల ఒళ్ళో పెట్టింది.

"ఇవి గది తలుపు బయట పెట్టుకో. ఇంత కాళ్ళున్నాయన లోపల నిద్రపోతున్నాడంటే తలుపు కొట్టే ధైర్యం ఎవడికుంటుంది?"

పిల్ల ఏడుపు ఆపి నవ్వింది. వెళ్ళింది, రాసింది, ఉద్యోగం తెచ్చుకుంది. ఉద్యోగం తన చదువు వల్ల వచ్చిందని మాత్రం ఎవరితోనూ అనలేదు, అంతా బూట్ల చలవేనని ఆసుపత్రి అంతా టాంటాం చేసింది. ఇక చూడండి. టీచరు వచ్చి అడిగింది, బట్టల కంపెనీ సేల్స్ అమ్మాయి వచ్చి అడిగింది, కూతుర్ని చూడ్డానికి వెళ్ళే ఒక పెద్దావిడ సిగ్గుపడుతూ వచ్చి "ఆయన ఖాళీగా ఉన్నారా?" అని అడిగింది. అప్పట్నుంచి ఆ జతకి 'ఆయన' అనే పేరు స్థిరపడిపోయింది.

ఆయన ఊరికే కదలడు. ఆయన కావాలంటే ముందు బూట్లక్క అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పాలి. మొన్నటికి మొన్న టీచరుకి జరిగిన విచారణ వింటే కోర్టులో వకీళ్ళు సిగ్గుపడాలి.

"ఎన్నింటికి చేరతావు?"

"ఐదింటికక్కా."

"బస్సు లేటైతే?"

"ఆరు."

"ఇంకా లేటైతే? వెలుతురుండగా చేరే బస్సు కాదన్నమాట. దానికి ముందు బస్సు చూడు. కౌంటర్లో నీ గది నంబరు పైకి గట్టిగా చదివారనుకో, ఏం చేస్తావు?"

"గది మార్చమంటాను."

"ఒక్కరేనా అనడిగితే?"

"ఆయన వెనకాల వస్తున్నారంటాను."

"గదిలోకెళ్ళగానే?"

"మంచమెక్కను. ముందు గడియ చూస్తాను, బాత్రూం కిటికీ చూస్తాను."

ఇన్నీ సరిగ్గా చెప్తే బూట్లతో పాటు ఒక రబ్బరు ముక్క కూడా దక్కుతుంది. అరిగిపోయిన అడుగుల్లోంచి బూట్లక్క ఏటవాలుగా కోసి ఉంచే ముక్క అది. తలుపు కింద లోపలివైపు నుంచి కాలితో తన్నిపెడితే, బయట ఎవరెంత తోసినా తలుపు కదలదు. తర్వాత పుస్తకం తీస్తుంది. ఎవరు, ఏ బస్సు, ఏ లాడ్జి, ఏ గంటకి ఫోన్ చేస్తారు, ఎప్పుడు తిరిగొస్తారు అన్నీ రాస్తుంది. ఆ గంట దాటి అరగంటైనా ఫోన్ రాకపోతే చేతిలో పని కింద పడేసి లాడ్జికి తనే ఫోన్ చేస్తుంది. తిరిగొచ్చిన ప్రతి మనిషీ ఏదో ఒక కొత్త సంగతి మోసుకొచ్చేది, అది పుస్తకంలో చివరి పేజీల్లోకి ఎక్కేది. గదిలోంచే ఆయన్ని నాలుగు తిట్టండి, బయటికి వినిపించేలా తిట్టండి అన్న చిట్కా ఆ పెద్దావిడది. తిట్టడం ఆవిడకి ఎంత బాగుందంటే, ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు.

ఒకరోజు సేల్స్ అమ్మాయి బూట్లు తిరిగి ఇస్తూ ఊరికే అడిగింది. "అక్కా, ఇన్ని సంగతులు చెప్తావు కదా, నువ్వెన్నిసార్లు వెళ్ళావు ఒంటరిగా?"

బూట్లక్క చేతిలో ఉన్న దబ్బనం నోట్లో పెట్టుకుంది. నోట్లో దబ్బనం ఉన్న మనిషిని ఎవరూ రెండోసారి అడగరు.

అసలు సంగతి ఏమిటంటే ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పక్క ఊరికి తోలు కొనడానికి వెళ్ళినా సరే, ఇంటాయన వెంట ఉండాల్సిందే. ఇంటాయన బ్యాంకు కాపలాదారు. ముప్పై ఏళ్ళుగా బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని కూర్చుంటున్నాడు. ఆ తుపాకీ ఇంతవరకూ ఒక్కసారీ పేలలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి లోకంలో ఉన్న ప్రతి మనిషినీ అనుమానిస్తాడు. మనిషి బక్కపలచన, కాళ్ళు ఆరో నంబరు. పెళ్ళాం వెంట బయల్దేరతాడు, బస్సెక్కగానే ఆవిడ భుజం మీద తల పెట్టి గుర్రుకొడతాడు. సంచీని, టిక్కెట్లని, ఆయన్ని ముగ్గుర్నీ కాపలా కాసేది బూట్లక్కే. దిగాక ఆయన ముందు నడుస్తాడు, దారి తప్పుతాడు. అయినా నేను లేకపోతే నువ్వేమైపోయేదానివో అంటాడు. మంచివాడు. ఆయన మంచితనంతోనే వచ్చింది చిక్కు.

ఊళ్ళో ఆడవాళ్ళందరినీ ధైర్యంగా బస్సెక్కించి, తను మాత్రం ఇంటాయన చిటికెన వేలు పట్టుకుని తిరుగుతున్నానని బూట్లక్కకి లోపల సిగ్గుగా ఉండేది. అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకొకటుంది. ఆయన వద్దంటాడని కాదు, తనకే భయం.

ఇలా ఉండగా పెద్దక్క ఫోన్ చేసింది. పెద్దక్క అంటే తోడబుట్టిన అక్క, తొమ్మిదేళ్ళు పెద్దది. తల్లి పోయాక బూట్లక్కకి తల దువ్వింది, బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఆవిడే. బస్సులో ఐదు గంటల దూరంలో ఉంటుంది. రెండేళ్ళుగా కళ్ళు మసకలు. రెండు కళ్ళకీ కలిపి ఆపరేషన్ చేశారు, శుక్రవారం పొద్దున పదింటికి కట్టు విప్పుతారు.

"చిన్నదానా, కట్టు విప్పగానే నా కోడలి మొహం చూడమంటున్నారే. అదెప్పుడూ ఉండే మొహమే. నేను నీ మొహం చూడాలి. రెండేళ్ళయింది నువ్వెలా ఉన్నావో చూసి. వస్తావా?"

"వస్తానక్కా," అంది బూట్లక్క, ఎలాగో తెలీకుండానే.

ఇంటాయనకి ఆ వారమంతా బ్యాంకులో తనిఖీ. సెలవు మాట ఎత్తడానికి వీల్లేదు. "ఆ డాక్టరుకి చెప్పి కట్టు సోమవారం విప్పమనరాదూ? మూడు రోజుల్లో కళ్ళెక్కడికి పోతాయి?" అన్నాడు. నిజంగానే అన్నాడు, ఎగతాళికి కాదు.

బుధవారం సాయంత్రం దుకాణం మూసే ముందు టీచరు బూట్లు తెచ్చి ఇచ్చింది. "అక్కా, నువ్వు పంపిన లాడ్జిలో గదులు తుడిచే ఆవిడ వీటిని అదోలా చూసింది," అని చెప్పింది కూడా. బూట్లక్క వినిపించుకోలేదు. పుస్తకం తీసి కొత్త పేజీలో తన పేరు రాసుకుంది. కరెంటు బిల్లు మీద ఉండే పేరు. రాస్తుంటే ఎవరిదో పేరులా అనిపించింది. ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి ఇంటాయన ముందు పెట్టింది.

"రేపు పొద్దున ఏడింటి బస్సుకి నేను వెళ్తున్నాను. ఇందులో ప్రశ్నలున్నాయి. అడగండి. ఒక్కదానికి జవాబు చెప్పలేకపోయినా ఆగిపోతాను."

కాపలాదారుకి అంతకన్నా ఏం కావాలి? కళ్ళద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఎన్నింటికి చేరతావు? మధ్యాహ్నం పన్నెండు. లేటైతే? రెండు. లాడ్జి ఎలాంటిది? ఆసుపత్రి పక్క సందు, నడిపేది ఆడమనిషి, మనవాళ్ళు నలుగురు ఉండి వచ్చారు. అక్కావాళ్ళింట్లో ఎందుకుండవు? ఒక్క గదిలో ఐదుగురున్నారు కాబట్టి. గది? రెండో అంతస్తు, మెట్ల దగ్గర, చివరది కాకుండా. ఆయన ఒక్కొక్కటే అడుగుతూ, ఎక్కడ చిక్కుతుందా అని ఎదురుచూస్తూ, ప్రశ్నలన్నీ అయిపోయేసరికి నీరసపడిపోయాడు.

"సరే, రోజూ ఆరింటికి ఫోన్ చేస్తానని రాశావు. ఎవరికి చేస్తావు?"

"ఇంకెవరికి? మీకే. రేపట్నుంచి సాయంత్రాలు దుకాణం తీసి, ఈ పుస్తకం ముందు పెట్టుకుని మీరు కూర్చోవాలి. మామూలు బాధ్యత కాదు."

బాధ్యత అనే మాట దగ్గర ఆయన వెన్ను నిటారైంది. బూట్ల సంగతి మాత్రం బూట్లక్క ఆయనకి చెప్పలేదు. పరాయి మగవాడి బూట్లు సంచీలో పెట్టుకుని ప్రయాణం చేస్తున్నానని ఏ మొగుడికి చెప్తుంది? చీరల కింద, తువ్వాల్లో చుట్టి పెట్టుకుంది.

బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. పక్కన ఒక ముసలావిడ. కిటికీలోంచి ఇంటాయన చెయ్యి ఊపుతూ కనుమరుగయ్యాక బూట్లక్క సంచీ ఒళ్ళోకి లాక్కుంది. భుజం తేలిగ్గా ఉంది. ముప్పై ఏళ్ళుగా బస్సెక్కితే ఆ భుజం మీద ఒక తల ఉండేది.

"ఒక్కదానివేనా అమ్మా?" అంది ముసలావిడ.

"అబ్బే! మా వాళ్ళు బస్టాండులో ఎదురుచూస్తున్నారు," అంది బూట్లక్క. భయంలో ఆ అబద్ధం ఎంత గట్టిగా చెప్పిందంటే ముసలావిడ పూర్తిగా నమ్మేసింది. బస్సు దిగాక కూడా కదలదే! "మీవాళ్ళకి నిన్ను అప్పగించి పోతానమ్మా, రోజులు బాగోలేవు," అని కర్ర పట్టుకుని పక్కనే నిలబడింది. పావుగంట గడిచింది. బూట్లక్క ఇక లాభం లేదని, దూరంగా పత్రికల దుకాణం దగ్గర నిలబడ్డ ఒక కుటుంబానికేసి చెయ్యి ఊపింది. వాళ్ళు ఎవరో ఏమిటో, మర్యాదస్తులు, తిరిగి ఊపారు. ముసలావిడ తృప్తిగా వెళ్ళిపోయింది.

లాడ్జి కౌంటర్లో మేనేజరమ్మ కూర్చుని ఉంది. అరవై ఏళ్ళుంటాయి, గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు, గీసిన గీతలా బిగిసిన పెదాలు. వెనక గోడకి ఒక పెద్ద మగకోటు వేలాడుతోంది. గది నంబరు పైకి చదవలేదు, కాగితం మీద రాసి ఇచ్చింది. బూట్లక్కకి ప్రాణం లేచొచ్చింది.

"ఒక్కరేనా?"

"ఆయన వెనకాల వస్తున్నారండీ."

మేనేజరమ్మ కళ్ళద్దాల మీంచి చూసింది. "అలాగా. మా ఆయన కూడా లోపలే ఉన్నారు. ఏం అవసరమొచ్చినా చెప్పండి," అని కోటు వైపు చూపించింది.

గడియ చూసుకుంది, బాత్రూం కిటికీ చూసుకుంది, రబ్బరు ముక్క తలుపు కింద పెట్టి తోసి చూసుకుంది. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఆసుపత్రికెళ్ళి కళ్ళకి కట్టుతో ఉన్న పెద్దక్క పక్కన మూడు గంటలు కూర్చుని, ఐదున్నరకల్లా గదికొచ్చింది. ఫోన్ ఛార్జింగుకి పెట్టింది. ఆరవ్వడానికి పది నిమిషాలుండగా బూట్లు తీసి, ఆయన ఇప్పుడే విప్పి లోపలికెళ్ళినట్టు, ఒకటి కొంచెం వంకరగా, తలుపు బయట పెట్టింది. ఎనిమిదేళ్ళుగా అందరికీ నేర్పింది తన చేత్తో తను మొదటిసారి చేసింది. ఎంత హాయిగా అనిపించిందో!

ఆ హాయి ఐదు నిమిషాలు కూడా లేదు. తలుపు దబదబ బాదారు. "మేనేజర్ని మాట్లాడుతున్నాను. తలుపు తియ్యండి!"

తీసింది. ఎదురుగా మేనేజరమ్మ. ఆవిడ వెనక చీపురు ఆయుధంలా పట్టుకుని తుడిచే ఆవిడ. తుడిచే ఆవిడ చూపుడు వేలు సూటిగా బూట్ల మీద ఉంది.

"ఇవేనమ్మా! ఎడమ మడమకి నల్ల అతుకు. నేను చెప్పలే?"

"మీ ఆయన్ని బయటికి రమ్మనండి," అంది మేనేజరమ్మ. గొంతు తగ్గించే ప్రయత్నం ఏమీ చెయ్యలేదు. "మూడు నెలల్లో నలుగురు ఆడవాళ్ళతో దిగాడు నా లాడ్జిలో. ఒక నర్సు, ఒక టీచరు, ఇంకో అమ్మాయి రెండు సార్లు, ఆఖరికి మనవలున్న ఒక పెద్దావిడతో కూడా! ఇప్పుడు మీరు. కౌంటర్లో పొద్దుట్నుంచీ నేనే కూర్చుంటాను, నా కళ్ళుగప్పి ఎప్పుడొస్తాడో తెలీదు, ఎప్పుడు పోతాడో తెలీదు. బూట్లు మాత్రం ఉంటాయి. ఆ నిత్యపెళ్ళికొడుకు ఇవాళ దొరికాడు!"

బూట్లక్క బూట్లకేసి చూసింది. మంచి లాడ్జి కదా అని అందరినీ ఇక్కడికే పంపింది. పంపిన ప్రతిసారీ అవే బూట్లు పంపింది. ఇన్ని పేజీల పుస్తకం రాసిన మనిషికి ఈ చిన్న ముక్క తట్టలేదు.

నిజం చెప్పేద్దామంటే, ఎదురుగదిలో ఒకాయన తలుపు తీసి తల బయటపెట్టాడు. పక్కగదిలోంచి ఇంకో తల. లోపలెవరూ లేరు, నేనొక్కదాన్నే అని ఇంతమందిలో ఎలా అంటుంది? పుస్తకంలో మొట్టమొదటి నియమమే అది.

"మేనేజరమ్మా, ఒక్కసారి లోపలికి రండి, చెప్తాను," అని అరగంట సేపు బతిమాలుతూనే ఉంది.

"అలాంటివాడున్న గదిలోకి నేను రాను. పోలీసులకి ఫోన్ చేస్తున్నాను. రేపు పొద్దున పదింటికి స్టేషన్లో తేల్చుకుందురు గాని."

పొద్దున పదింటికి! పెద్దక్క కళ్ళు తెరిచే వేళకి తను పోలీస్ స్టేషన్ బెంచీ మీద ఉంటుంది. కోడలి మొహమే కనిపిస్తుంది ఆవిడకి. బూట్లక్కకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే మొండితనమూ వచ్చింది.

"ఆయన ఎవరెవరితో వెళ్తాడో నాకు తెలుసండీ," అంది తలెత్తి. "నేనే పంపిస్తుంటాను."

మేనేజరమ్మ కళ్ళద్దాలు జారి గొలుసుకి వేలాడాయి. తుడిచే ఆవిడ చీపురు వదిలేసి ముక్కు మీద వేలేసుకుంది. ఎదురుగది ఆయన ఇంకా బాగా వినిపించడానికి ఒకడుగు బయటికొచ్చాడు.

"మీరే పంపుతారా?"

"అవును. ముందు వాళ్ళు ఎలాంటివాళ్ళో కనుక్కుని, అన్నీ ప్రశ్నలడిగి, పుస్తకంలో రాసుకుని మరీ పంపుతాను. ఏ ఒక్కరూ ఇంతవరకూ ఫిర్యాదు చెయ్యలేదు."

అంతలో కింద కౌంటర్లో ఫోన్ మోగింది. తుడిచే ఆవిడ పరిగెత్తుకెళ్ళి ఎత్తి, అక్కణ్ణుంచే కేకేసింది. "మేనేజరమ్మా! ఎవరో మగాయన. ఈ గదిలో ఉన్నావిడ మొగుణ్ణంటున్నాడు!"

వసారాలో ఉన్న కళ్ళన్నీ ఒక్కసారిగా బూట్ల మీదికి పోయాయి.

"అయితే," అంది మేనేజరమ్మ చాలా నెమ్మదిగా, "లోపలున్నదెవరు?"

బూట్లక్క గోడ గడియారం చూసింది. ఆరూ ముప్పై రెండు. ఆరింటికి తను చెయ్యాల్సిన ఫోన్ చెయ్యలేదు. అరగంట దాటితే లాడ్జికి ఫోన్ చెయ్యాలని పుస్తకంలో రాసింది తనే. రాసింది రాసినట్టు చేసే మనిషిని అక్కడ కూర్చోబెట్టింది కూడా తనే.

ఇద్దరూ కిందికి దిగారు. మేనేజరమ్మ రిసీవరు అందుకుంది. ఊరు ఎంత దూరమైతే అంత గట్టిగా అరవాలని ఇంటాయన నమ్మకం కాబట్టి ప్రతి ముక్కా బూట్లక్కకి వినిపిస్తూనే ఉంది.

"మా ఆవిడ ఆరింటికి ఫోన్ చెయ్యాలండీ! ఆరూ ముప్పై రెండైంది! క్షేమంగా ఉందా?"

"క్షేమానికేం లోటు లేదు. మీరు ఆవిడ భర్తయితే, గది బయట బూట్లెవరివి?"

అటునుంచి అరుపు ఆగిపోయింది. బూట్లక్క కౌంటరు బల్ల అంచు పట్టుకుంది. ముప్పై ఏళ్ళ కాపురం. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఒక్కతే ఊరు దాటింది, దాటిన రోజే ఇలా జరిగింది. ఇంక ఈ జన్మలో ఆయన తనని తోలు కొట్టుకి కూడా పంపడు.

"పదకొండో నంబరా?" అంది ఫోన్లో గొంతు, కాస్త తగ్గి.

"అంతే ఉంటాయి."

"ఎడమ మడమకి నల్ల అతుకుందా?"

"ఉంది."

"అయితే నావే."

మేనేజరమ్మ రిసీవర్ని దూరంగా పట్టుకుని ఒకసారి చూసి మళ్ళీ చెవికి పెట్టుకుంది. "మీరక్కడుంటే మీ బూట్లు ఇక్కడేం చేస్తున్నాయి?"

"డ్యూటీ చేస్తున్నాయండీ! ముప్పై ఏళ్ళుగా బ్యాంకు కాపలాదారుణ్ణి. నేను వెళ్ళలేని చోటికి నా బూట్లు పంపిస్తాను."

"మరి ఆ నర్సు? ఆ టీచరు?"

"వాళ్ళకీ నేనే కాపలా! తారీఖులతో సహా నా ముందు పుస్తకంలో ఉంది, కావాలంటే చదువుతాను!"

మేనేజరమ్మ బూట్లక్కకేసి చూసింది. బూట్లక్క తలూపింది. "లోపలెవరూ లేరండీ," అంది గుసగుసగా. "ఎప్పుడూ ఎవరూ లేరు."

తుడిచే ఆవిడకి ముందు అర్థమైంది. "అందుకేనా! ఇంత కాలంలో ఒక్కనాడూ అద్దం ముందు గడ్డం గీసుకున్న ఆనవాలు లేదు. తడిసిన తువ్వాలు కూడా ఒకటే ఉండేది. ఇంత మురికి మగాడేమిట్రా అనుకున్నాను!"

మేనేజరమ్మ కుర్చీలో కూలబడింది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, ఆ తర్వాత ఆ బిగిసిన పెదాలు విడిపోయి, ఒకటే నవ్వు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, లేచి వెనక గోడకున్న కోటు దించి బూట్లక్క చేతిలో పెట్టింది. బరువుగా ఉంది, మడతల్లో దుమ్ము. మెడ దగ్గర పాతబట్టల దుకాణం వాళ్ళ చీటీ ఇంకా కుట్టే ఉంది.

"మా ఆయన," అంది. "ఈ లాడ్జి ఒక్కదాన్నే నడపడం మొదలుపెట్టిన నాడు కొన్నాను. పదిహేనేళ్ళయింది. చలికాలంలో కూడా ఒక్కసారీ ఎవరూ తొడుక్కోలేదు, పాపం."

ఇద్దరూ మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు. రిసీవరు బల్ల మీద పడి ఉంది. అందులోంచి "హలో! హలో! ఎవరా నవ్వేది?" అని ఇంటాయన అరుస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున పదింటికి కట్టు విప్పారు. పెద్దక్క రెప్పలు కొట్టుకుంది, నీళ్ళు కారాయి, డాక్టరు మెత్తగా తుడిచాడు. ఆవిడ చెల్లెలి మొహంలోకి చాలాసేపు చూసింది.

"ముసలిదానివైపోయావే చిన్నదానా," అంది ఆనందంగా. తర్వాత చూపు బూట్లక్క భుజం మీదుగా వెనక్కి పోయింది. గుమ్మం దాకా వెతికింది. "మరిదిగారేరి? ఎవరితో వచ్చావు?"

"ఎవరితోనూ రాలేదక్కా."

పెద్దక్క ఆ కొత్త కళ్ళని ఇంత చేసుకుంది. బడి గేటు దగ్గర చెయ్యి వదలడానికే ఏడ్చిన పిల్ల కదా మరి. చెయ్యి చాపి చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "ఎలా వచ్చావో అంతా మొదట్నుంచీ చెప్పు," అంది. బూట్లక్క మొదట్నుంచీ చెప్పింది. ముసలావిడ దగ్గరకొచ్చేసరికే పెద్దక్కకి నవ్వు ఆగలేదు. కళ్ళకి మంచిది కాదని డాక్టరు వచ్చి ఇద్దర్నీ కోప్పడ్డాడు.

ఆదివారం సాయంత్రం బస్సు దిగి బూట్లక్క నేరుగా దుకాణానికి వెళ్ళింది. లోపల ఇంటాయన ముక్కాలి పీట మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళబోయే ఒక పిల్ల చెమటలు కక్కుతోంది.

"బస్సు లేటైతే? ఇంకా లేటైతే? టైరు పంక్చరైతే?"

"మీ ప్రశ్నలకన్నా ఇంటర్వ్యూనే తేలికలా ఉంది మావయ్యా," అంటోంది పిల్ల.

పెళ్ళాన్ని చూడగానే ఆయన లేచాడు. కోప్పడదామని లేచాడో, ఇంకెందుకో ఆయనకే తెలీదు. "గురువారం సాయంత్రం ఏం తోచక పుస్తకం తెరిస్తే, 'నర్సుతో ఆయన వెళ్ళాడు, టీచరుతో ఆయన వెళ్ళాడు' అనుంది. నాకు గుండె ఆగినంత పనైంది. నాలుగో పేజీలో 'బూట్లు, నంబరు పదకొండు, ఎడమ మడమకి నల్ల అతుకు' అని చూశాక గానీ ఊపిరాడలేదు," అన్నాడు. పుస్తకం తెరిచి చూపిస్తూ, "నువ్వు ఫోన్ చెయ్యకపోయేసరికి ఆరూ ముప్పైకి బస్సెక్కేద్దామని లేచాను తెలుసా? 'కంగారుపడి బయల్దేరవద్దు, ముందు ఫోన్ చెయ్యండి' అని రాశావు. అందుకని కూర్చున్నాను. కూర్చోవడం ఎంత కష్టమో!" అన్నాడు.

ఆ కష్టం బూట్లక్కకి ఎనిమిదేళ్ళుగా తెలుసు. ఆయనకి తెలిసినందుకు సంతోషంగా ఉంది. ఆయన పక్కన కూర్చుని, పుస్తకం చివరి పేజీ తీసి, కొత్త నియమం రాసింది. 'ఒకే లాడ్జికి ఒకే మొగుణ్ణి రెండోసారి పంపరాదు.' ఆ తర్వాత సంచీలోంచి మేనేజరమ్మ కోటు తీసి కొక్కేనికి తగిలించింది. బూట్లు అక్కడే వదిలేసి, వాటికి బదులుగా దీన్ని తెచ్చుకుంది. ఇకనుంచి ఆ లాడ్జిలో ఒంటరిగా దిగిన ఏ ఆడమనిషి గది బయటైనా మేనేజరమ్మే వాటిని పెడుతుంది.

పిల్ల కోటుని, బూట్లక్కని, ఇంకా సర్దుకోని ప్రయాణం సంచీని మార్చి మార్చి చూసింది. చూసి, అందరూ అడిగేదే అడిగింది.

"అక్కా, నువ్వెన్నిసార్లు వెళ్ళావు ఒంటరిగా?"

బూట్లక్క చెయ్యి అలవాటుగా దబ్బనం మీదికి పోయింది. తీసుకోలేదు.

"ఒక్కసారి," అంది.